కాగితం ఎగిరిపోయిన ఊళ్లో పేపర్ వెయిట్లు

ఫిబ్రవరిలో విస్కాన్సిన్ వెళ్లమని బుద్ధి ఉన్నవాళ్లెవరూ సలహా ఇవ్వరు. మా మేనకోడలు కూడా ఇవ్వలేదు. "ఎండాకాలం రా మామయ్యా, చెర్రీ తోటలు చూపిస్తాను" అంది. నాకు కుదిరింది ఫిబ్రవరే. మిల్వాకీలో వాళ్లింట్లో ఒకదాని మీద ఒకటి రెండు స్వెటర్లు, వాటిమీద మా అల్లుడి కోటు తొడుక్కుని, నీనా అనే ఊరికి పోదామన్నాను.

"నీనాలో ఏముంది?"

"పేపర్ వెయిట్లు."

కారు తాళాలు చేతిలో పట్టుకుని కాసేపు నా మొహంలోకి చూసింది. "ఈ చలిలో వంద మైళ్లు పేపర్ వెయిట్ల కోసమా?" అని, అడిగింది మామయ్య కాబట్టి సరేనంది.

ఆ అమ్మాయిని అనడానికి లేదు. మనకి పేపర్ వెయిట్ అంటే గుర్తొచ్చేది తాసిల్దారు ఆఫీసు. పైన గడగడలాడుతూ ఫ్యాను, కింద బల్ల మీద ఫైళ్లు, ఫైళ్ల మీద గుండ్రటి గాజు దిమ్మ. దాని కడుపులో నాలుగు గాలి బుడగలు, ఎరుపో నీలమో ఒక రంగు మెలిక. ఫిరోజాబాద్‌లో చేతి గాజులతో పాటు ఇవీ తయారై దేశమంతా వస్తాయి. గుమాస్తా ఫోన్లో మాట్లాడుతూ దాన్ని బల్ల మీద గిర్రున తిప్పుతుంటాడు, మనం ఎదురుగా నిలబడి చూస్తుంటాం. ఫైలు మీద కాస్త బరువు పెట్టాలి అంటే ఏం చెయ్యాలో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అంతకు మించి ఆ వస్తువుని ఎవరం పట్టించుకోం. అలాంటి దానికోసం ఒక ఊరు మ్యూజియం నడుపుతోందంటే చూడాలనిపించింది.

మిల్వాకీ నుంచి ఉత్తరానికి ఇంటర్‌స్టేట్ 41 మీద వెళ్తే ఫాండ్ డు లాక్ దగ్గర కుడిపక్కన విన్నెబాగో సరస్సు మొదలవుతుంది. దాదాపు 550 చదరపు కిలోమీటర్ల నీళ్లు. విస్కాన్సిన్ లోపల ఉన్న సరస్సుల్లో ఇదే పెద్దది. అంత విస్తీర్ణమూ ఉత్త మడుగే, మహా లోతైన చోట 21 అడుగులు, నిలువునా తాటిచెట్టు దింపితే సగం పైనే ఉంటుంది. అందుకే శీతాకాలంలో గట్టిగా గడ్డకడుతుంది. మేం వెళ్లేసరికి దాని మీద కార్లు, ట్రక్కులు తిరుగుతున్నాయి. అక్కడక్కడా ఎర్రవీ నీలంవీ చిన్న చిన్న రేకు గుడిసెలు. ఫిబ్రవరి రెండో శనివారం నుంచి ఇక్కడ స్టర్జన్ చేపల వేట. మంచులో రంపంతో పెద్ద రంధ్రం కోసి, దాని మీద గుడిసె పెట్టి, వెలుతురు రాకుండా తలుపు మూసుకుని, ఈటె పట్టుకుని నీళ్లలోకి చూస్తూ కూర్చుంటారు. గంటలకి గంటలు. కొందరికి ఏళ్ల తరబడి చేప కనబడదట. స్టర్జన్ నూరేళ్లు దాటి బతకగలిగిన చేప. 2010లో ఈ సరస్సులో 96 కిలోల చేప దొరికింది. వేటాడేవాళ్ల ఓపిక చూశాక, నా పేపర్ వెయిట్ల పిచ్చి మా మేనకోడలికి కాస్త మామూలుగా కనిపించి ఉంటుంది.

నీనా ఊరు సరస్సుకి వాయవ్యపు మూలన, ఫాక్స్ నది సరస్సులోంచి బయటపడే చోట ఉంది. ఈ నదే ఈ ప్రాంతానికి కల్పవృక్షం. ఇక్కణ్నుంచి గ్రీన్ బే దాకా దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో 50 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. ఆ దిగే నీటి బలంతో మొదట పిండి మరలు తిరిగాయి. గోధుమ సాగు పడమటికి జరిగిపోయాక అవే మరల చోట కాగితం మిల్లులు లేచాయి. 1872లో నలుగురు భాగస్వాములు నీనాలో పెట్టిన కంపెనీయే కింబర్లీ-క్లార్క్. ముక్కు తుడుచుకునే క్లీనెక్స్, ఆడపిల్లల కోటెక్స్ ప్యాడ్లు వాళ్లవే. ఒకప్పుడు ఈ నది ఒడ్డున ఊరూరా కాగితమే. ఆ కాగితం డబ్బుతో కట్టిన మేడలు సరస్సు గట్టునే వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి, 1929లో పాత ఇంగ్లిష్ ట్యూడర్ పద్ధతిలో ఏటవాలు కప్పులతో కట్టిన ఇల్లు, ఇవాళ బెర్గ్‌స్ట్రమ్-మాలర్ గాజు మ్యూజియం. లోపలికి వెళ్లడానికి టిక్కెట్టు లేదు.

ఆ ఇంటి యజమాని జాన్ నెల్సన్ బెర్గ్‌స్ట్రమ్. వాళ్ల కుటుంబం 1904లో కాగితం కంపెనీ పెట్టింది. పాత కాగితాల్లోంచి సిరా వదిలించి, గుజ్జు చేసి, మళ్లీ కొత్త కాగితం తియ్యడంలో ఆ మిల్లుకి పేరు. ఆయన భార్య ఎవాంజలీన్. చిన్నప్పుడు అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో చూసి ముచ్చటపడ్డ గాజు పేపర్ వెయిట్ ఒకటి ఆవిడ మనసులో ఉండిపోయింది. 1930ల మధ్యలో, ఫ్లారిడాలో పురాతన వస్తువుల ప్రదర్శనలో అలాంటిదే కంటబడింది. కొనేసింది. అప్పటికి అరవై ఏళ్ల మనిషి. ఆ వయసులో పట్టుకున్న పిచ్చి అంత తేలిగ్గా వదలదు. ఇరవై ఏళ్లలో ఆరు వందలకు పైగా పేపర్ వెయిట్లు ఇల్లు చేరాయి.

డబ్బున్నావిడ కొనుక్కుంది, ఇందులో గొప్పేముంది అనుకోవచ్చు. ఆవిడ కొని అద్దాల బీరువాలో పెట్టి ఊరుకోలేదు. ఈ వస్తువుల్లో చాలావాటి మీద ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ముద్ర ఉండదు. అమ్మేవాడు చెప్పిందే వేదం. ఆవిడ ఒక్కోదాన్నీ తిప్పి చూసి, లోపలి పువ్వు ఆకారం, అడుగున కోత, గాజు రంగు, తూకం పోల్చుకుంటూ ఇది ఫలానా కర్మాగారానిది అని తేల్చే దారి వెతికింది. 1940లో, పాత గాజు పేపర్ వెయిట్ల కళ, నిర్మాణం, గుర్తుపట్టే లక్షణాల మీద సొంత ఖర్చుతో పుస్తకం వేసింది. ఇంగ్లిష్‌లో ఈ విషయం మీద సమగ్రంగా వచ్చిన మొదటి పుస్తకం అదే. తర్వాత సేకరించిన వాళ్లందరికీ ఓనమాలు దిద్దించింది. పేపర్ వెయిట్ల అభిమానుల సంఘం అమెరికాలో పుట్టింది 1953లో. ఆవిడ పుస్తకం దానికి పదమూడేళ్లు పెద్ద.

భర్త 1951లో పోయాడు. ఇంటిని మ్యూజియం కోసం నీనా ఊరికి రాసిచ్చారు. 1958లో ఆవిడా పోయింది. మరుసటి ఏడే తలుపులు తెరిచారు. ఇప్పుడు అందులో మూడు వేల పైచిలుకు గాజు వస్తువులున్నాయి, సింహభాగం పేపర్ వెయిట్లే.

లోపల అడుగు పెట్టగానే నాకు కలిగిన మొదటి భావం నిరాశ అని దాచకుండా చెప్పాలి. గాజు అరల్లో వరసలు వరసలుగా గుండ్రటి గాజు దిమ్మలు. అన్నీ గుప్పిట్లో పట్టే సైజే, ఏడెనిమిది సెంటీమీటర్ల అడ్డుకొలత. రంగులు బాగున్నాయి. రెండు నిమిషాల్లో ఒక గది చూసేశాను. ఫోన్ తీసి ఫోటో కొట్టబోతే అరలోని దీపాల మెరుపు తప్ప ఏమీ పడలేదు. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి, ఫోన్ జేబులో పెట్టుకుని మోకాళ్లు వంచమంది. "కళ్లు దాని ఎత్తుకి తీసుకురండి. ఇప్పుడు నెమ్మదిగా లేచి, పైనుంచి చూడండి" అంది.

అలాగే చేశాను. పక్కనుంచి చూస్తే లోపలి రంగంతా అడుగున పలచటి పొర, నీళ్లలాంటి గాజు మిగతా అంతా. లేస్తున్నకొద్దీ ఆ పొర విప్పారడం మొదలుపెట్టింది. నిలబడేసరికి గాజు గుండు నిండా పువ్వులే. పై గుమ్మటం భూతద్దం. దాని కింద అరంగుళం వస్తువు అంగుళానికి పైగా కనిపిస్తుంది. తల ఇటు తిప్పితే ఒక పువ్వు పెరుగుతుంది, అటు తిప్పితే పక్కది పెరుగుతుంది. ఫోటోకి చిక్కనిది ఇదే. కన్ను కదిలితేనే ఇది బొమ్మ. ఆ తర్వాత, రెండు నిమిషాల్లో చూసేసిన ఆ గదిలోనే గంటకు పైగా ఉన్నాను.

నేను ఎక్కువసేపు నిలబడ్డది బాకరా పేపర్ వెయిట్ దగ్గర. ఫ్రాన్స్ తూర్పున బాకరా ఊళ్లో ఉన్న కర్మాగారం చేసింది. అడుగంతా సందు లేకుండా చిన్న చిన్న గాజు పువ్వులు పేర్చారు. నక్షత్రాలు, చక్రాలు, నాలుగాకుల క్లోవర్లు, ఒక్కోటీ మినపగింజ నుంచి శనగగింజ దాకా. వాటి మధ్య, వెతికితేగానీ దొరకనంత చిన్నగా, తెల్లటి ముక్క మీద ‘బి’ అనే ఇంగ్లిష్ అక్షరం, కింద 1847. ఇంకాస్త వెతికితే ఒక కోడిపుంజు, ఒక ఉడుత, ఒక ఏనుగు. గింజంత ఏనుగుకి తొండం ఉంది, తోక ఉంది.

ఆ జంతువులకి ఒక కథ ఉంది. 1846లో బాకరా కర్మాగారం నడిపే జాన్ బాప్టిస్ట్ తూసాన్, తన తొమ్మిదేళ్ల మేనల్లుడు ఎమీల్ గ్రిడెల్ కాగితాన్ని కత్తిరించి జంతువుల బొమ్మలు చేస్తుంటే చూశాడు. వాటిని గాజులో చెయ్యొచ్చు కదా అనిపించింది. ఆ పిల్లవాడి కత్తెర చేసిన ఆకారాలతో అచ్చులు పోయించాడు. సేకరించేవాళ్లు ఇప్పటికీ వాటిని గ్రిడెల్ బొమ్మలనే అంటారు. ఆ పిల్లవాడు కత్తిరించిన కాగితాలు ఎప్పుడో చెత్తలో కలిసిపోయి ఉంటాయి. ఏనుగు మాత్రం పద్దెనిమిది దశాబ్దాలుగా తొండం ఎత్తి నిలబడే ఉంది.

గింజంత ఏనుగుని గాజులో ఎలా చేస్తారన్నది అసలు విద్య. ముందు పెద్దదే చేస్తారు. కరిగిన రంగు గాజు ముద్దని ఏనుగు ఆకారపు ఇనుప అచ్చులో నొక్కి, చుట్టూ వేరే రంగు గాజు పోసి గుండ్రం చేస్తారు. అది ఇంకా ఎర్రగా మెత్తగా ఉండగానే ఇద్దరు మనుషులు చెరో కొస ఇనుప కడ్డీతో పట్టుకుని ఎదురెదురు దిక్కులకి నడిచిపోతారు. పిడికిలంత ముద్ద సాగి సాగి గదుల కొద్దీ పొడుగున పెన్సిలంత కడ్డీ అవుతుంది. లోపలి ఏనుగు ఆకారం చెడదు, చిన్నదవుతుందంతే. చల్లారాక కడ్డీని సన్నటి బిళ్లలుగా కోస్తారు. ఎక్కడ కోసినా అదే ఏనుగు. ఇలాంటి వందల రకాల బిళ్లల్ని ఇనుప వలయంలో తలకిందులుగా పేర్చి, వేడిచేసి, కరిగిన గాజు ముద్దని వాటిమీద అద్ది ఎత్తుతారు. ఆ పైన తేటగా మెరిసే సీసపు గాజు మరో విడత ముంచి తీసి, తడి కొయ్య దోనెలో తిప్పుతూ గుమ్మటం చేస్తారు. తడిపి మడతపెట్టిన న్యూస్‌పేపర్‌ని అరచేతిలో వేసుకుని దాని మీద మండే గాజుని దిద్దే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాగితానికీ ఈ వస్తువుకీ ఉన్న బంధుత్వం కొలిమి దగ్గరే మొదలవుతుంది.

చివరిది ఓపిక పని. రంగు గాజు, తేట గాజు చల్లారేటప్పుడు ఒకే లెక్కన కుంచించుకోవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే లోపల బీట పడుతుంది. కొలిమి పక్క గదిలో వేడిని మెల్లమెల్లగా దించుతూ చల్లార్చాలి. తొందరపడితే ఇన్ని రోజుల పనీ ఠప్పున పగిలిపోతుంది.

రంగు కడ్డీల బిళ్లలతో గాజు చెయ్యడం రోమన్ల కాలం నుంచీ ఉంది. దాన్ని పేపర్ వెయిట్‌గా 1845లో వియన్నా పరిశ్రమల ప్రదర్శనలో పెట్టినవాడు వెనిస్‌కి చెందిన పియెత్రో బిగాలియా. ఆ ప్రదర్శన చూసిన ఫ్రెంచ్‌వాళ్లు ఊరుకోలేదు. అప్పుడు వాళ్ల గాజు వ్యాపారం మందకొడిగా ఉంది. మరోపక్క తపాలా చవకై, ఉత్తరాలు రాసుకోవడం మధ్యతరగతి ఇళ్లకి పాకింది. రాత బల్ల, సిరాబుడ్డి, కవర్లు, వాటి పక్కన ఒక అందమైన బరువు. బాకరా, సాన్ లూయీ, క్లిషీ అనే మూడు కర్మాగారాలు పోటీపడి చేశాయి. కాగితాల దుకాణాల్లోనే వీటిని అమ్మేవాళ్లు. పదిహేనేళ్లలో మోజు తీరిపోయింది. 1860 వచ్చేసరికి దాదాపు ఆపేశారు. ఇవాళ పాత పేపర్ వెయిట్లు అంటే ప్రాణం పెట్టేవాళ్లు వెతికేదంతా ఆ పదిహేనేళ్ల సరుకే.

మూడింటికీ ఎవరి వాటం వాళ్లది. సాన్ లూయీ వాళ్లకి పళ్లంటే ఇష్టం: తెల్లటి గాజు దారాలు అల్లిన బుట్టలో బేరిపళ్లు, చెర్రీలు. క్లిషీ వాళ్లది గులాబీ. కడ్డీ బిళ్లలోనే రేకులు ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న గులాబీ రంగు పువ్వు, చుట్టూ పచ్చటి రక్షక పత్రాలు. ఆ పువ్వు కనబడితే క్లిషీ అని చెప్పెయ్యొచ్చని పెద్దావిడ నాకు నేర్పింది. పక్క గదిలో మూడింటిని నేనే గుర్తుపట్టి ఆవిణ్ని పిలిచి చూపించాను. పరీక్ష పాసైన పిల్లాణ్ని చూసినట్టు చూసింది. ఇంకో రకం ఉంది, మట్టితో చేసిన తెల్లటి ముఖచిత్రాన్ని గాజులో మూసేస్తారు. మట్టికీ గాజుకీ మధ్య చిక్కుకున్న సన్నటి గాలి పొర వల్ల ఆ తెల్లదనం వెండిలా మెరుస్తుంది.

వీటి కోసం పడి చచ్చినవాళ్ల జాబితా పెద్దదే. ఫ్రెంచి రచయిత్రి కొలెట్ తన గది నిండా పెట్టుకునేది. 1948లో తనని చూడ్డానికొచ్చిన అమెరికన్ కుర్ర రచయిత ట్రూమన్ కపోటీకి తెల్ల గులాబీ ఉన్న బాకరా ఒకటి బహూకరించి, జీవితాంతం వదలని జబ్బు అంటించింది. ఈజిప్టు రాజు ఫరూక్ కూడా సేకరించాడు. బాకరాలో ఆగిపోయిన పని మళ్లీ మొదలైన సంగతి మరీ చిత్రం. 1853లో ఆ ఊరి చర్చికి పునాదిరాయి వేసినప్పుడు మార్టిన్ కైజర్ అనే పనివాడు చేసిన పేపర్ వెయిట్‌ని అందులో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో చర్చి నాశనమైంది. 1951లో శిథిలాలు తీస్తుంటే పునాదిలోంచి అది బయటపడింది. మరిచిపోయిన విద్యని కర్మాగారం దాన్ని చూసి మళ్లీ పట్టుకుంది.

అమెరికా అరలో నాకు నచ్చింది న్యూజెర్సీలోని మిల్‌విల్ గులాబీ. అక్కడివి సీసాలు, మందుల బుడ్లు చేసే కర్మాగారాలు. పని గంటలయ్యాక, మిగిలిన గాజుతో పనివాళ్లు తమ సొంత ముచ్చట కొద్దీ పేపర్ వెయిట్లు చేసుకునేవాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాల్ఫ్ బార్బర్ అనే పనివాడు, రేకుల ఆకారంలో వంచిన లోహపు పనిముట్టుతో రంగు గాజుని కిందినుంచి పైకి పొడిచి, నిటారుగా నిలబడే గులాబీ చేశాడు. అదే రాష్ట్రంలో ఆ తర్వాతి తరాల్లో వచ్చిన పాల్ స్టాంకార్డ్ కూడా ప్రయోగశాలల గాజు గొట్టాలు చేస్తూ మొదలైనవాడే. ఆయన గాజులో అడవి మొక్క పువ్వుతో, పుప్పొడితో, తేనెటీగతో ఉంటుంది. కింద వేళ్లలోకి తొంగిచూస్తే వేళ్ల మధ్య చిన్న చిన్న మనుషులు. వాటిని కాగితాల మీద పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

మ్యూజియం పేరులో రెండో సగం మాలర్. ఎర్న్స్ట్ మాలర్ ఆస్ట్రియాలో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు, కింబర్లీ-క్లార్క్‌లో పరిశోధన నడిపినవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు కలప గుజ్జుతో చేసిన, దూదికంటే ఎక్కువ తడి పీల్చే పొరని తయారు చేయించాడు. యుద్ధంలో గాయాలకి కట్టు కట్టడానికి పనికొచ్చింది. యుద్ధం ముగిశాక అదే 1920లో కోటెక్స్ అయింది, దాని తమ్ముడు 1924లో క్లీనెక్స్ అయింది. ఒకసారి వాడి పారెయ్యడం అనే అలవాటుని లోకానికి నేర్పినవాళ్లలో ఆయనొకడు.

అలాంటి మనిషి ఇంట్లో చేరినవేమిటంటే, పాత జర్మన్ దేశాల్లో పదహారో శతాబ్దం నుంచి తాగడానికి వాడిన గాజు పాత్రలు. ఆ సంప్రదాయంలో హుంపెన్ అనే పెద్ద గాజు పాత్ర ఉంటుంది, లీటర్ల కొద్దీ బీరు పడుతుంది. దానిమీద ఎనామెల్ రంగుల్లో రెండు తలల డేగ, రెక్కల నిండా రాజ్యాల ముద్రలు. విందులో, వృత్తి సంఘం సమావేశంలో దాన్ని నింపి ఒకరి తర్వాత ఒకరు అందుకుని తాగేవాళ్లు. ఎంగిలి అన్న పట్టింపు లేదు సరికదా, ఒకే పాత్రలో తాగడమే ఆ కూటమి గుర్తు. ఇంకో రకం పొడుగాటి గ్లాసు మీద వరసగా అడ్డగీతలుంటాయి. తాగేవాడు సరిగ్గా తర్వాతి గీత దగ్గర ఆపాలి, తప్పితే ఇంకో గీత దాకా తాగాలి. అడవి ప్రాంతాల్లో కట్టె బూడిదతో చేసిన ఆకుపచ్చ గ్లాసులకి కాడ మీద నేరేడుపండ్లంత బుడిపెలు అతికించేవాళ్లు, మాంసం తిన్న జిడ్డు చేతుల్లోంచి జారిపోకుండా. పారేసే కాగితంతో పైకొచ్చిన కుటుంబం, తరాల తరబడి చేతులు మారిన గ్లాసుల్ని జాగ్రత్త చేసింది.

నీనాలో నాకు తట్టిన విషయం ఇదే. ఈ ఊరి సంపద నిలవని వస్తువులది. ఉత్తరం చింపేస్తాం, పత్రిక మర్నాటికి పాతది, ముక్కు తుడిచిన కాగితం బుట్టలో పడుతుంది. నిలవకపోవడమే దాని వ్యాపారం. ఆ డబ్బుతో ఇద్దరు సేకరించింది మాత్రం నిలిచేవాటిని. వాటిలో ఒకటి కాగితం ఎగరకుండా ఆపడానికి పుట్టిన వస్తువు. ఇప్పుడు చూస్తే కాగితమే ఎగిరిపోయింది. కింబర్లీ-క్లార్క్ ప్రధాన కార్యాలయం 1985లో టెక్సాస్ వెళ్లింది. బెర్గ్‌స్ట్రమ్ మిల్లు చేతులు మారి, 2006లో మూతపడింది. బరువు మాత్రం ఇక్కడే ఉంది.

ఎగిరిపోని కాగితమూ కొంత ఉంది, అది నది అడుగున. 1950ల నుంచి 1970ల మొదటి దాకా కార్బన్ లేకుండా నకలు వచ్చే కాగితంలో పీసీబీ అనే రసాయనం వాడారు. ఆ కాగితం చేసిన చోటి నుంచీ, దాని తుక్కుని కరిగించి కొత్త కాగితం చేసిన మిల్లుల నుంచీ ఆ విషం ఫాక్స్ నదిలో కలిసింది. నది అడుగు తవ్వి శుభ్రం చేసే పని 2020 దాకా సాగింది, ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది. సరస్సు గట్టు మేడల్ని మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవాలి.

కాగితం ఊళ్ల కష్టసుఖాలు మనకి తెలియనివి కావు. సిర్పూర్ పేపర్ మిల్లు 1938లో నిజాం కాలంలో మొదలై, దాని చుట్టూ కాగజ్‌నగర్ పెరిగింది. 2014లో ఉత్పత్తి ఆగిపోతే ఊరంతా చతికిలబడింది, 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ తెరుచుకుంది. రాజమండ్రి వైపు గాలి తిరిగితే వచ్చే కాగితం మిల్లు వాసనని ఆ ఊరివాళ్లు కళ్లు మూసుకుని చెప్తారు. ఇన్నేళ్లు కాగితం చేసిన ఊళ్లు, ఆ బతుకు గురించి నలుగురికీ చూపించడానికి ఏం దాచుకున్నాయి అని ఆలోచిస్తే, నీనా తెలివైన ఊరనిపిస్తుంది.

మనకి ఒక మనిషి సేకరణ మ్యూజియం కావడం కొత్త కాదు. మూడో సాలార్‌జంగ్ 1949లో పోయాక ఆయన పోగేసిందంతా 1951లో ప్రజలకి తెరిచారు. అందులో యూరప్ గాజు కూడా బోలెడంత. కానీ సాలార్‌జంగ్ మ్యూజియానికి ఎవరు వెళ్లినా మేలిముసుగు రెబెక్కా దగ్గర ఒక నిమిషం, గంట కొట్టే గడియారం దగ్గర పది నిమిషాలు, మిగతా గదుల్లో నడకే. అన్నీ ఉన్నచోట దేన్నీ నిలబడి చూడలేం. నీనాలో ఉన్నది దాదాపు ఒక్కటే వస్తువు. ఒకటే కాబట్టి రెండో గదికి వచ్చేసరికి తేడాలు కనబడతాయి, మూడో గదికి పేర్లు తెలుస్తాయి. ఎవాంజలీన్ ఇరవై ఏళ్లలో నేర్చుకున్న చూపు ఒక పూటలో కొంతైనా మనకి అంటుకుంటుంది. ఆవిడ ఊరికి ఇచ్చింది ఆరు వందల గాజు దిమ్మలే అనుకుంటే పొరపాటు. వాటిని ఎలా చూడాలో కూడా ఇచ్చిపోయింది, అదీ టిక్కెట్టు లేకుండా.

షికాగోలోనో మిల్వాకీలోనో మనవాళ్లింటికి వెళ్లే అమ్మానాన్నలు ఇప్పుడు తక్కువేం కాదు. మాల్స్ తిరిగి తిరిగి విసుగెత్తినప్పుడు పిల్లల్ని ఒక శనివారం అడగండి. షికాగో ఊళ్లోనే కావాలంటే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థర్ రబ్లాఫ్ ఇచ్చిన పేపర్ వెయిట్ల సేకరణ ఉంది, అదీ వెయ్యి దాటినదే. నీనా వెళ్తే ఎండాకాలం వెళ్లండి, సరస్సు గట్టున కూర్చోవచ్చు. లోపలికి వెళ్లాక మూడు వేలూ చూడాలని బయల్దేరకండి. పది ఎంచుకోండి. ఒక్కోదాని ముందూ మోకాళ్లు వంచి, మెల్లగా లేవండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఐదు చూసినా చాలు.